పసిబిడ్డకు ఆటలమ్మ పోసినప్పుడు: దురద, జ్వరం, నిద్రలేమి తగ్గించే సమగ్ర మార్గదర్శి

దాళ్వా చేలు కోతకు వచ్చే నెలల్లో, ఎండ ముదిరి ఉక్కపోత మొదలయ్యే వేళకు, గోదావరి డెల్టా ఊళ్ళలో ఏదో ఒక వీధి గుమ్మానికి వేపమండలు కనిపిస్తూనే ఉంటాయి. వారిసెల్లా జోస్టర్ అనే వైరస్ వల్ల వచ్చే ఆటలమ్మ, ఏడాది దాటి మామూలు ఆరోగ్యంతో ఉన్న పసిపిల్లల్లో చాలామందికి వారం పది రోజుల్లో తనంతట తానే తగ్గిపోతుంది. అది తగ్గేలోగా బిడ్డ పొక్కులను గోకి పుండ్లు చేసుకోకుండా, చెమటతో ఉడికిపోకుండా, నీళ్ళు తాగుతూ, రాత్రి కాస్తయినా కన్ను మూసేలా చూసుకోవడమే ఇంట్లో వారు చేయగలిగిన పని. ఒకటి నుంచి మూడేళ్ళ వయసు పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఆ పనిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. ఏడాది నిండని శిశువులకూ, స్టెరాయిడ్ మందులు వాడుతున్న పిల్లలకూ, ఎగ్జిమా వంటి దీర్ఘకాలిక చర్మవ్యాధి, ఆస్తమా, కేన్సర్ చికిత్స, రోగనిరోధక శక్తి లోపం ఉన్న పిల్లలకూ ఇది సరిపోదు. వారిని మొదటి పొక్కు కనిపించిన రోజే పిల్లల వైద్యునికి చూపించాలి.

మొదటి పని: ఆటలమ్మేనని నిర్ధారించుకోవడం

వేసవిలో చెమటకాయలు, దోమకాట్లు, దద్దుర్లు అన్నీ ఒకేసారి ఉంటాయి కాబట్టి మొదటి రోజు తికమక సహజం. ఆటలమ్మ సాధారణంగా పొట్ట, వీపు, ముఖం, తల మాడు మీద మొదలవుతుంది. ఎర్రటి చుక్క కొద్ది గంటల్లోనే ఉబ్బి, మంచుబిందువులా పలుచని నీటి పొక్కుగా మారి, తరువాత మబ్బుగా అయి పక్కు కడుతుంది. మూడు నుంచి ఐదు రోజుల వరకు కొత్తవి విడతలుగా వస్తూనే ఉంటాయి. అందువల్ల ఒకే చోట చుక్క, నీటి పొక్కు, పక్కు మూడూ కలిసి కనిపించడం దీని గుర్తు. జుట్టు పాయ తీసి మాడు చూడండి. అక్కడ కూడా పొక్కులుంటే అనుమానం దాదాపు తీరిపోతుంది. పొక్కులు ముఖ్యంగా అరచేతులు, అరికాళ్ళు, నోటి చుట్టూ ఉంటే అది చేతులకూ కాళ్ళకూ నోటికీ వచ్చే వేరే వైరస్ జబ్బు కావచ్చు. టీకా వేయించుకున్న పిల్లలకు పొక్కులు తక్కువగా, నీరు పట్టకుండా రావచ్చు.

దగ్గరలో వైద్యుడు ఉంటే మొదటి రోజే ఒకసారి చూపించడం మంచిది. వైరస్‌ను అణచే ఎసైక్లోవిర్ అనే మందు మామూలు ఆరోగ్యం ఉన్న పసిపిల్లలందరికీ అవసరం లేదు. ఎవరికి కావాలో వైద్యుడే నిర్ణయించాలి. ఇవ్వదలిస్తే పొక్కులు మొదలైన 24 గంటల్లోపు మొదలుపెట్టినప్పుడే అది బాగా పనిచేస్తుంది కాబట్టి, నాలుగో రోజు దాకా ఆగి అడగడం వల్ల ఉపయోగం తక్కువ.

ఒంటి మీద ఉన్నవన్నీ తీసేయండి

మొలతాడుతో మొదలుపెట్టండి. నడుము చుట్టూ బిగువుగా ఉండే ఆ తాడు చెమట పీల్చుకుని రోజంతా తడిగా ఉంటుంది. దాని కింద, దాని పక్కన లేచిన పొక్కులు ఒరుసుకుని అన్నిటికంటే ముందు చితికేది అక్కడే. వెండి మొలతాడైనా, నల్లతాడైనా, మెడలోని తాయెత్తయినా, కాళ్ళ గజ్జెలూ చేతి కడియాలూ అయినా పక్కులు రాలేవరకు తీసి దేవుడి గూట్లో పెట్టవచ్చు. మామ్మగారికి మనసొప్పకపోతే బిడ్డ పడుకునే మంచానికి కట్టండి, ఆవిడకూ తృప్తిగా ఉంటుంది.

బట్టల విషయంలో ఇంట్లో ఉన్న పాత నేత చీరకు మించినది లేదు. ఎన్నో ఉతుకులు పడి మెత్తబడ్డ నూలు చీరను పక్క మీద పరచి, అదే గుడ్డతో వదులైన చొక్కా కుడితే చాలు. నైలాన్, పాలిస్టర్ గౌనులు ఈ వారం పెట్టెలోనే ఉండాలి. డైపర్ వేయకండి, దాని కింద వేడికి, తడికి తొడల సందుల్లో పొక్కులు పచ్చిపుండ్లవుతాయి. పక్క తడిసినప్పుడల్లా గుడ్డలు మార్చడం శ్రమే, కానీ ఈ శ్రమ తప్పదు. చీరతో కట్టిన ఉయ్యాలలో పడుకునే అలవాటున్న బిడ్డ దానికోసమే ఏడుస్తుంది. అయితే ఉయ్యాల గుడ్డ ఒంటిని అన్ని వైపులా చుట్టేసి గాలి ఆడనివ్వదు. నిద్రపట్టేదాకా ఊపి, తరువాత మంచం మీదకు మార్చండి. నులక మంచమైతే పైన మందమైన బొంత తప్పనిసరి.

గాలి తగలకూడదని కిటికీలు మూసి, ఫ్యాను కట్టేయడం కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. మన తీరప్రాంతపు తేమలో అది బిడ్డకు శిక్షే. ఒళ్ళు వేడెక్కి చెమట పట్టిన కొద్దీ దురద పెరుగుతుంది. ఫ్యాను వేయండి, ఏసీ ఉంటే అది కూడా వాడవచ్చు. నీళ్ళు పోసే కూలరు మాత్రం గదిలో తేమను ఇంకా పెంచుతుంది కాబట్టి మన దగ్గర అంత మేలు చేయదు. కరెంటు పోతే తాటాకు విసనకర్ర ఉండనే ఉంది.

గోళ్ళు

ఆటలమ్మలో బిడ్డను ఆసుపత్రి దాకా తీసుకెళ్ళే ఇబ్బందుల్లో గోకుడు వల్ల వచ్చే చర్మపు ఇన్‌ఫెక్షన్ ముఖ్యమైనది. కాబట్టి మొదటి రోజు సాయంత్రానికల్లా, బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు, చేతి గోళ్ళన్నీ పొట్టిగా కత్తిరించి అంచులు నునుపు చేయండి. కత్తిరించి వదిలేస్తే అంచు పదునుగా ఉండి మరింత గీసుకుంటుంది. రెండేళ్ళ పిల్లలు ఒక కాలితో ఇంకో కాలిని గోక్కుంటారు కాబట్టి కాలి గోళ్ళను మరిచిపోకండి. రోజుకు నాలుగైదు సార్లు సబ్బుతో చేతులు కడగండి. చూసుకునే పెద్దలు కూడా గోళ్ళు తీసుకుని, చేతులు కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి.

"గోకకు" అని చెబితే ఈ వయసులో అర్థం కాదు. గోకుతున్న చేతిని లాగేస్తే ఏడుపు, ఏడుపుతో చెమట, చెమటతో మళ్ళీ దురద. దానికి బదులు అరచేత్తో ఆ చోటు పక్కన మెల్లగా తట్టడం చూపించండి. పిల్లలు అనుకరించి తామూ తట్టుకుంటారు. కడిగి ఆరబెట్టిన లేత వేపరెమ్మతో చొక్కా మీద నిమరడం మన పెద్దల పద్ధతి. పొక్కులను రాపిడి పెట్టకుండా, తేలికగా చేస్తే అది గోటి కంటే ఎంతో నయం.

స్నానం: అన్నిటికంటే ఎక్కువ ఉపశమనం, అన్నిటికంటే ఎక్కువ వాదన

అమ్మవారు పోసిన బిడ్డకు నీళ్ళు పోసే రోజు వచ్చేదాకా ఒళ్ళు తడపకూడదన్న నియమం చాలా ఇళ్ళలో గట్టిగా పాటిస్తారు. ఈ ఆచారాలు మశూచి ఊళ్ళను ఊడ్చేసిన కాలం నాటివి. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో నమోదైంది, ఆ భయం మాత్రం ఆటలమ్మ మీదకు బదిలీ అయింది. స్నానం వల్ల పొక్కులు పెరగవు, లోపలికి పోవు. చెమట, మురికి పోయి దురద తగ్గుతుంది, చీము పట్టే అవకాశం కూడా తగ్గుతుంది. ఇక్కడ నేను సూచించే రాజీ ఇది: వేపాకు, పసుపు వేసి తలంటి చేసే నీళ్ళు పోసే వేడుకను ఇంటి పెద్దలు చెప్పిన రోజుకే ఉంచండి, ఈలోగా రోజూ టబ్బులో కూర్చోబెట్టి ఒళ్ళు కడగడాన్ని వేడుకతో ముడిపెట్టకండి. ఆ మాటకూ ఒప్పుకోకపోతే, తడిగుడ్డతో అద్దడానికైనా ఒప్పించండి.

నీళ్ళు ఎక్కడివో చూసుకోవాలి. వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత చాలా ఊళ్ళలో చెరువు నీరే ఆధారం, అది రోజులు గడిచేకొద్దీ చిక్కబడుతుంది. కాలువ నీరు, చెరువు నీరు, గాబులో నిల్వ ఉన్న నీరు చితికిన పొక్కుల మీద నేరుగా పోయవద్దు. కాచి, మూతపెట్టి, గోరువెచ్చన అయ్యాక వాడండి. మోచేయి ముంచితే వేడి గాని చలి గాని తెలియకూడదు. వేడినీళ్ళు దురదను రెట్టింపు చేస్తాయి.

ఇప్పుడు ఓట్స్ సంగతి. కిరాణా కొట్టులో దొరికే సాదా ఓట్స్‌ను, మసాలా కలిపినవి కాకుండా, ఒక చిన్న గిన్నెడు తీసుకుని మిక్సీలో మెత్తగా పొడి చేయండి. గ్లాసు నీళ్ళలో చెంచాడు వేసి కలిపితే నీళ్ళు పాలలా తెల్లబడాలి. పొడి అడుగుకు దిగిపోతే ఇంకా మెత్తగా పట్టాలని అర్థం. ఆ పొడిని పలుచని గుడ్డలో మూటకట్టి టబ్బు నీళ్ళలో నానబెట్టి పిండితే జిగురుగా, తెల్లగా దిగుతుంది. బిడ్డను అందులో 10 నుంచి 15 నిమిషాలు కూర్చోబెట్టి, ఆ నీటినే చెంబుతో భుజాల మీద, వీపు మీద మెల్లగా జారవిడవండి. టబ్బు జారుతుంది కాబట్టి ఒక చేయి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి. రోజుకు రెండు మూడు సార్లు చేయవచ్చు. సున్నిపిండి నలుగు, పీచు, ఘాటైన సబ్బు వద్దు. తరువాత తువ్వాలుతో తుడవకుండా, మెత్తని గుడ్డను ఒంటికి అద్ది తీయండి.

వేపాకు వేసి కాచిన నీళ్ళతో ఒళ్ళు కడగడం వల్ల మామూలుగా హాని లేదు. చిన్నపిల్లలకు వేపనూనె గాని వేపాకు పసరు గాని తాగించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. వేపనూనె తాగించిన పసిపిల్లలకు వాంతులు, ఫిట్స్, మెదడు దెబ్బతినడం వంటివి జరిగిన సందర్భాలు వైద్యులకు తెలిసినవే. వేపాకు, పసుపు నూరి పొక్కులకు పట్టించడం మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. రోట్లోనుంచి వచ్చే ముద్ద శుభ్రంగా ఉండదు, పైగా ఆ పచ్చటి పూత కింద పొక్కు ఎర్రబడి చీము పడుతున్నా కనిపించదు. మండలు కావాలంటే మంచం తలాపున వేలాడదీయండి. పక్క మీద పరిస్తే వాటి రంపపు అంచులు గుచ్చుకుంటాయి, చీమలు చేరతాయి, బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది.

కాలమైన్ లోషన్

ఒళ్ళు ఆరాక పూయాలి. సీసాను బాగా కుదిపి, కొద్దిగా ఒక చిన్న గిన్నెలోకి వంచుకుని, దూదితో ఒక్కొక్క పొక్కు మీద అద్దండి. వాడిన దూదిని సీసాలో ముంచితే మిగతా లోషనంతా పాడవుతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు చాలు. పాత పూత ఎండి పెచ్చులు కడితే దాన్ని నీటితో కడిగాకే కొత్తది రాయాలి. కళ్ళ దగ్గర, నోటిలో, మర్మాంగాల దగ్గర, చితికి పచ్చిగా ఉన్న చోట, నోట్లో పెట్టుకునే వేళ్ళ మీద రాయకూడదు. కొనేటప్పుడు సాదా కాలమైనేనా అని చూడండి. డైఫెన్‌హైడ్రమైన్ కలిపినది ఒళ్ళంతా పూస్తే ఆ మందు చర్మం గుండా లోపలికి చేరి పసిపిల్లలకు మగత, చిరాకు కలిగించవచ్చు.

మందుల షాపులో "దురదకు" అని ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. బీటామెథాసోన్, క్లోబెటసాల్ అన్న పేర్లు కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వేయించే "త్వరగా తగ్గే" ఇంజెక్షన్ కూడా ఈ జబ్బులో వద్దు.

జ్వరం

మొదటి రెండు మూడు రోజులు ఒక మోస్తరు జ్వరం ఉంటుంది. బిడ్డ చిరాకుగా, నలతగా ఉంటే పారాసెటమాల్ ఇవ్వవచ్చు: ఒక్కో మోతాదు బరువులో కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మోతాదుకూ మోతాదుకూ మధ్య ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగు మోతాదులకు మించకుండా. బరువు తెలియకపోతే అంగన్‌వాడీలో నెలనెలా తూచి రాసిన కార్డు చూడండి. సిరప్‌లు 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములవీ, 250 మిల్లీగ్రాములవీ రెండు రకాలు దొరుకుతాయి. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావాలంటే రెండో రకంలో 3 మిల్లీలీటర్లు, మొదటి రకంలో 6 మిల్లీలీటర్ల పైచిలుకు అవుతుంది. పక్కింటివారు ఇచ్చిన సీసాను మన ఇంటి కొలతతో పోస్తే మోతాదు రెట్టింపు కావడానికి ఇదే కారణం. చుక్కల మందు వీటికంటే ఎంతో గాఢంగా ఉంటుంది. వంటింటి చెంచాతో కాకుండా సీసాతో వచ్చిన మూతతోనో సూదిలేని సిరంజితోనో కొలవండి.

ఆస్పిరిన్ అసలు ఇవ్వకూడదు. ఆటలమ్మలో అది కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రైస్ సిండ్రోమ్‌కు దారితీయవచ్చు. ఇబుప్రొఫెన్ కూడా వద్దు, ఎందుకంటే ఆటలమ్మ సమయంలో దాన్ని వాడిన పిల్లల్లో తీవ్రమైన చర్మ ఇన్‌ఫెక్షన్లు కనిపించాయి. మన దగ్గర పారాసెటమాల్‌తో ఇబుప్రొఫెన్‌నో మెఫెనమిక్ యాసిడ్‌నో కలిపిన సిరప్‌లు మామూలుగా అమ్ముతారు కాబట్టి సీసా మీద చిన్న అక్షరాలు చదివే అలవాటు చేసుకోండి.

నోరు, తిండి, నీళ్ళు

బిడ్డ తినకుండా మొరాయిస్తే టార్చి వేసి నోరు చూడండి. అంగిట్లో, చిగుళ్ళ మీద చిన్న పుండ్లు ఉండవచ్చు. ఈ వారం ఉప్పూ కారం పులుపూ తగ్గించి, చల్లగా మెత్తగా ఉండేవి పెట్టాలి. మెత్తగా పిసికిన పెరుగన్నం, పలుచని మజ్జిగ, రాగిజావ, సగ్గుబియ్యం జావ, కోనసీమ కొబ్బరిబోండం నీళ్ళు, చెంచాతో గీకిన లేత కొబ్బరి అన్నీ పనికొస్తాయి. వేసవిలో తాటిముంజెలు దొరికితే అంతకంటే ఏం కావాలి! పైపొర ఒలిచి, చిన్న ముక్కలుగా చిదిమి పెట్టండి, కాయంతా ఇస్తే గొంతులో అడ్డుపడుతుంది. తల్లిపాలు తాగే బిడ్డయితే అడిగినప్పుడల్లా ఇవ్వండి.

తాలింపు పెట్టకూడదు, నీచు వండకూడదు అన్న నియమాలకు వైద్యపరమైన కారణం లేదు. అయినా వారం రోజులు పాటించడం వల్ల వచ్చే నష్టం కూడా లేదు, అందుకోసం ఇంట్లో గొడవ అనవసరం. పప్పు, పాలు, పెరుగు మాత్రం ఆపనివ్వకండి. ఉత్త అన్నం మజ్జిగతో బిడ్డ నీరసిస్తుంది. మూత్రం దగ్గర పొక్కులుంటే మంట భయంతో బిడ్డ ఉగ్గబట్టుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోబెడితే తేలికగా పోస్తుంది.

రాత్రి

పగలు ఆటలో మరచిపోయిన దురద రాత్రి తిరిగి వస్తుంది. అందుకే రోజు చివరి ఓట్స్ స్నానం పడుకునే అరగంట ముందు పెట్టుకుని, కాలమైన్ అద్ది, గోళ్ళు మరోసారి చూసి, చేతులకు పలుచని నూలు సాక్సులు వేయండి. మణికట్టు దగ్గర రబ్బరు బిగువుగా ఉంటే కత్తిరించి, చొక్కా చేతులకు రెండు కుట్లు వేస్తే తెల్లారేదాకా ఊడవు. మధ్యలో లేచి ఏడిస్తే చల్లని తడిగుడ్డను దురద ఉన్నచోట రెండు నిమిషాలు ఉంచండి. నిద్ర అసలే లేకపోతే దురద తగ్గించే మందు వైద్యుని అడగవచ్చు. జలుబు సిరప్‌తో నిద్ర వస్తుందని అది పట్టడం మాత్రం ప్రమాదం.

ఎప్పుడు ఇంట్లో ఉండకూడదు

జ్వరం నాలుగు రోజులు దాటినా, తగ్గి మళ్ళీ వచ్చినా, 102 డిగ్రీలు మించినా చూపించాలి. ఒక పొక్కు చుట్టూ ఎరుపు పాకడం, వాచి వేడిగా ఉండటం, చీము కారడం ఇన్‌ఫెక్షన్‌కు గుర్తులు. నిద్రలో ఉన్న బిడ్డ నిమిషానికి 40 సార్లు గాని అంతకుమించి గాని ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఆగని వాంతులు, లేపినా లేవని మగత, మెడ బిగుసుకోవడం, ఫిట్స్, పొక్కుల్లో రక్తం, కంట్లో పొక్కు, 8 గంటలుగా మూత్రం లేకపోవడం వంటివి కనిపిస్తున్నా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో పిల్లల విభాగం ఉంది. ఆటలమ్మ అని ఫోన్‌లోనే చెబితే లోపలికి తీసుకెళ్ళేటప్పుడు మిగతా రోగులకు దూరంగా ఉంచుతారు.

ఇంట్లో మిగతావారు

గుమ్మానికి వేపమండ కట్టి పరాయివారిని రానివ్వని ఆచారం నూటికి నూరుపాళ్ళు సరైనది. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అన్నీ పక్కు కట్టేవరకు ఇది అంటుకుంటుంది. అంతవరకు అంగన్‌వాడీకీ, పెళ్ళిళ్ళకూ, ముత్యాలమ్మ గుడి జాతరకూ పంపవద్దు. ఇంట్లో ఇంతకుముందు రానివారిలో నూటికి 90 మంది దాకా దీన్ని తెచ్చుకుంటారు, వారికి 10 నుంచి 21 రోజుల తరువాత బయటపడుతుంది. ఇంట్లో ఒకరి తరువాత రెండోవారిగా తెచ్చుకున్న బిడ్డకు పొక్కులు ఎక్కువగా రావడం మామూలు కాబట్టి తమ్ముడికో చెల్లికో మొదలైన రోజే వైద్యుని కలవండి. తాతగారికి సర్పి (ఇదే వైరస్ వల్ల ఒంటికి ఒకవైపు లేచే పొక్కులు) లేచినా దాని నుంచి పసిబిడ్డకు ఆటలమ్మ రావచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచు సంగతి. ఆమెకు చిన్నప్పుడు ఆటలమ్మ రాలేదనో, తెలియదనో అంటే అదే రోజు ఆమెను వైద్యురాలికి చూపించి, వేరే ఇంట్లో ఉంచాలి. కాన్పుకు 5 రోజుల ముందు నుంచి 2 రోజుల తరువాత వరకు తల్లికి పొక్కులు లేస్తే పుట్టిన బిడ్డకు ప్రాణాపాయం ఉంటుంది. ఇంట్లో ఏడాది దాటి ఇంకా టీకా పడని పిల్లలుంటే, జబ్బు ఉన్న బిడ్డ దగ్గర మెలిగిన 3 నుంచి 5 రోజుల్లోపు టీకా వేయిస్తే జబ్బు రాకపోవచ్చు, వచ్చినా తేలికగా పోవచ్చు. ఈ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల పట్టికలో లేదు. ప్రైవేటు పిల్లల వైద్యుల దగ్గర మొదటి మోతాదును మామూలుగా 15 నెలలకు వేస్తారు.

పక్కులు రాలే రోజులు

ఐదు నుంచి ఏడు రోజులకు పొక్కులన్నీ పక్కు కడతాయి. నీళ్ళు పోసే వేడుకకు అప్పుడు మంచిరోజు చూసుకోవచ్చు, అంగన్‌వాడీకీ అప్పుడే పంపవచ్చు. పక్కులు వాటంతట అవి రాలడానికి మరో వారం పట్టవచ్చు. ఈ దశలో దురద తగ్గినా పిల్లలు పక్కులు పీకడం ఆటగా మొదలుపెడతారు, గుంట మచ్చలు పడేది ఎక్కువగా అప్పుడే. అందుచేత గోళ్ళ జాగ్రత్త ఇప్పుడు కూడా సడలించకూడదు. కొబ్బరినూనె పక్కులు రాలి చర్మం మూసుకున్నాకే రాయండి. తెల్లగానో నల్లగానో మిగిలే మచ్చలు కొన్ని నెలల్లో చాలావరకు ఒంటి రంగులో కలిసిపోతాయి, ఆ నెలల్లో మధ్యాహ్నపు ఎండలో తిప్పకపోతే ఇంకా మంచిది. తగ్గిపోయిందనుకున్న రెండు మూడు వారాల్లోపు బిడ్డ నడకలో తూలుతున్నా, నిలబడలేక పడిపోతున్నా అది నీరసమని సరిపెట్టుకోకుండా వెంటనే పిల్లల వైద్యునికి చూపించండి.